పెరిగ్రిన్ గారి బారసాల

హలో… ఆ, విక్రమ్, నేనేరా, మీ అక్కనే. గొంతు అలా ఉందంటే మరెలా ఉంటుంది? నాలిక మీద కూడా లేచాయి…

ఆటలమ్మేరా. ఈ వయసులో. చిన్నప్పుడు నీకొచ్చి, పక్కనే పడుకున్న నాకు రాలేదని అమ్మ ఎంత మురిసిపోయింది? అప్పుడు దారి తప్పిందేమో. ఇప్పుడు అడ్రసు కనుక్కుని మరీ షార్జా వచ్చింది…

మా సంజనకి తగ్గిపోయింది. స్కూలు నుంచి తెచ్చిందీ అదే, నాకు అంటించిందీ అదే. ఇప్పుడు హాల్లో కూచుని కార్టూన్లు చూస్తోంది. నేనేమో ఈ గదిలో వేపాకుల మీద…

ఎక్కడివా? మీ బావ తెచ్చారు. మా అల్ నహ్దాలో రోడ్డు మధ్యన చెట్లున్నాయి చూడు, వాటివి. పొద్దున్నే కొమ్మ విరుస్తుంటే మునిసిపాలిటీ వాడు పట్టుకున్నాడట. 'క్యా కర్తా హై' అన్నాడట. ఆటలమ్మని హిందీలో ఏమంటారో ఈయనకి తెలీదుగా… 'మేరీ బీవీ' అని, తన మొహం మీదే వేలితో చుక్కలు పెట్టి చూపించారట. వాడు హడలిపోయి ఇంకో రెండు కొమ్మలు తనే విరిచి, దూరం నుంచి విసిరాడట…

నవ్వకు. నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది. నవ్వితే దురద.

సరే, అక్కడ ఎంతవరకూ వచ్చింది? ఉయ్యాల కట్టారా?… శర్మగారు వచ్చేశారా! పోన్లే, బ్యాంకులో క్యాషియరైనా మంత్రాలు బాగా చదువుతారన్నావుగా. నోట్లు లెక్కపెట్టిన స్పీడులో చదవొద్దని చెప్పు…

ముహూర్తానికి ఇంకెంతసేపుంది?… అరగంటా. ఊఁ.

నాకదేరా బాధ. ఒక్కగానొక్క తమ్ముడివి. నీకు మగపిల్లాడు పుట్టి, మేనత్తనై ఉండి, అబూ ధాబీ ఇంత దగ్గర పెట్టుకుని… కారెక్కితే రెండు గంటలు కూడా కాదు… ఆ, తెలుసులే. పురిటి పిల్లాడి దగ్గరికి ఈ ఒంటితో ఎవరు రమ్మంటారు? నేనే రాను. ఫోనైనా ఉంది, అదే పదివేలు.

అది సరిగ్గా విను. పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేశాక ఫోను స్పీకర్లో పెట్టి వాడి చెవి దగ్గరికి తీసుకెళ్ళు. మరీ అతికించకు. నేను మూడుసార్లు పేరు చెబుతా… అంతే కదా మనింట్లో! తండ్రి పళ్ళెంలో రాస్తాడు, మేనత్త చెవిలో చెబుతుంది. మేనత్త నోట వచ్చిందే పేరు… నీకు తెలుసని నాకూ తెలుసులే, చెప్పుకుంటే నాకు సరదా.

ఇంతకీ పేరేంటి? ఒకసారి నోట్లో తిప్పుకోవాలి కదా…

ఏంటీ?

… ఇంకోసారి చెప్పు… లైను బానే ఉందిరా. చెప్పు, మెల్లిగా.

పె-రి-గ్రిన్.

… ఆ, ఉన్నా. గోక్కుంటున్నా.

ఏవండీ! మన విక్రమ్ కొడుక్కి పెరిగ్రిన్ అని పెడుతున్నాడట… … 

మీ బావ ఏమంటున్నారంటే, 'ఏ కంపెనీ?' అని.

అబ్బే, వెటకారం కాదు, ఆయన మందు పేరనుకున్నారు. ఇప్పుడే నాకో మందు తెచ్చారు కదా, దాని పేరూ అచ్చం ఇలాగే ఉంది. రోజుకు మూడుసార్లు రాసుకోమన్నారు…

ఇంగ్లీషు పేరా. చాలా అరుదైన ఇంగ్లీషు మగపిల్లాడి పేరు. ఓహో… అరుదేలే. మన కాకినాడలో నేనైతే ఎక్కడా వినలేదు.

ఎక్కడ దొరికింది నాయనా ఇది?… మీ ముదీర్ పేరా! మీ మేనేజరు, ఆ తెల్లాయన? పెర్రీ కదరా ఆయన? ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ పెర్రీ సారు అలా అన్నాడు, పెర్రీ సారు ఇలా తుమ్మాడు అని చెబుతూనే ఉన్నావు… ఆహా. అది ముద్దుపేరు. అసలు పేరు పెరిగ్రిన్. పాపం, అసలు పేరుంటే కూడా ముద్దుపేరుతోనే బతుకుతున్నాడన్నమాట.

ఆయనొస్తున్నాడా? బారసాలకా?… నాకిప్పుడు అర్థమవుతోంది. ఆయన సోఫాలో కూచుంటాడు. ఆయన చూస్తుండగా నువ్వు పళ్ళెంలో బియ్యం మీద ఆయన పేరు రాస్తావు. ఆయనకి గుండె కరిగిపోతుంది. వచ్చే ఏడాది ఇంగ్లండ్ వెళ్ళిపోతూ, నా పేరు పెట్టుకున్న పిల్లాడి తండ్రికి కాక నా కుర్చీ ఇంకెవరికిస్తాను అని…

నేనేం అన్నాను? నీ మనసులో ఉన్నదే కాస్త గట్టిగా చెప్పా.

కాదూ? మరి ఆ పేరులో ఏం చూశావు?… చదివావా. ఇంటర్నెట్టులో. ప్రింటు కూడా తీశావా! ఆఫీసు ప్రింటరేనా? అయితే పెర్రీ సారు కాగితం మీదే పెర్రీ సారు పేరు. బావుంది. చదువు, వింటా. మంచం మీదున్నదాన్ని, నాకేం పని.

'పుట్టుక, లాటిన్.' సరే. లాటిన్ మాట్లాడేవాళ్ళు ఎక్కడుంటారు?… ఎవరూ మాట్లాడరా ఇప్పుడు. అయితే నయమే, తప్పు పలికినా పట్టుకునేవాడుండడు.

'అర్థం'… ఆగు, ఆగు. మళ్ళీ చదువు ఆ ముక్క.

యాత్రికుడు. బాటసారి. పరాయి దేశం వాడు.

పరదేశి!

ఒరేయ్, దానికి ఇంగ్లండ్ దాకా వెళ్ళాలా? పరదేశి అని తెలుగులో నిక్షేపంలాంటి పేరుందిగా. నాన్నగారి ఆఫీసులో ప్యూను పేరేంటి? పరదేశి. శ్రీకాకుళం నుంచి వచ్చాడు. ఆయన సైకిలు వెనకాల పరిగెడుతూ 'ఏ దేశం, ఏ దేశం' అని అరిచేవాడివి, నాన్నగారి చేత తన్నులు తిన్నావు గుర్తుందా?

అదెందుకు పెట్టారో తెలుసా ఆయనకి? ముందు పుట్టినవాళ్ళు దక్కలేదట. ఈ బిడ్డ మాది కాదు, దారిన పోయేవాడు, వదిలెయ్యి అని మృత్యువుకి చెప్పుకోడానికి వాళ్ళమ్మ అలా పెట్టుకుంది. దానికో ఏడుపుంది, ఓ ఆశుంది. నీకేముందిరా? నీ కొడుకు నిక్షేపంలా ఉన్నాడు, వాణ్ణెందుకు పరాయివాడంటావు?

… ఆ, మనం ఉండేది పరాయి దేశమే. అది వీసా మీద కొడుతున్నారుగా. పిల్లాడి చెవిలో కూడా కొట్టాలా?

సరే, సరే, కోప్పడకు. చదువు. ఇంకా ఏముంది?… 'ప్రాచుర్యం.' అంటే ఎంతమంది పెట్టుకున్నారనా… గీత గీసి చూపించాడా! ఎలా ఉంది గీత?… కిందనే ఉందా. కిందంటే?… నేలకి అతుక్కుని ఉందా. మొదటి వెయ్యి పేర్లలో కూడా లేదా!

అంటే ఇంగ్లీషువాళ్ళు వరసగా వెయ్యి పేర్లు తలుచుకున్నాక కూడా ఇది ఎవరికీ గుర్తు రావట్లేదన్నమాట. నీకు గుర్తొచ్చింది.

ప్రత్యేకతా… ఆ, ప్రత్యేకతే. ఇక్కడ రోలా బజార్లో చీరల కొట్టువాడు కూడా మూడేళ్ళుగా ఎవరూ కొనని చీర తీసి 'మేడమ్, సింగిల్ పీస్, చాలా స్పెషల్' అంటాడు. నేను రెండుసార్లు కొన్నాను అలాగ. రెండూ కర్టెన్లయ్యాయి.

ఇంకా ఉందా?… ఓడలో పుట్టినవాడికి పెట్టారా? ఎప్పుడు?… నాలుగువందలేళ్ళ క్రితం, అమెరికా వెళ్ళే ఓడలో. ఆ పిల్లాడికి పెట్టారంటే అందం ఉంది, సముద్రంలో పుట్టాడు, ఊరూ పేరూ లేదు. మనవాడు ఎలక్ట్రా స్ట్రీట్ దగ్గర ఏసీ గదిలో పుట్టాడు కదరా.

డేగ కూడానా?… ఆ, చూశా. షేకులు చేతి మీద కూచోబెట్టుకుంటారు, కళ్ళకి టోపీ పెట్టి… దాని పేరూ అదేనా! దానికి పాస్‌పోర్ట్ కూడా ఇస్తారట ఇక్కడ, మీ బావ చెప్పారు… మరి మనవాడికి ఇంకా రాలేదుగా? అదుగో. ఒక పెరిగ్రిన్‌కి వచ్చింది, రెండో పెరిగ్రిన్ ఎంబసీలో వరసలో ఉన్నాడు.

నవ్వావు. హమ్మయ్య. నవ్వావంటే నీకూ తెలుస్తోందన్నమాట.

… ఏంటీ, శాస్త్రమా? చెప్పు, అదీ విందాం… చిత్తా నక్షత్రం, ఒకటో పాదం… 'పే' అక్షరం రావాలి… అందుకని పెరిగ్రిన్!

ఆహాహా. పంచాంగం రాసినాయన ఎంత దూరం ఆలోచించాడ్రా! శర్మగారు ఒప్పుకున్నారా?… 'అక్షరం సరిపోయింది, తప్పులేదు' అన్నారా. ఆయనకేం, లంచ్ టైముకి ఇంటికెళ్ళాలి.

అక్షరమే కావాలంటే నాన్నగారి పేరు ఏమైందిరా?

పెద్దిరాజు. 'పె' ఉందా లేదా? మొదటి అక్షరమే కదా… 

ఇందాకటినుంచి అదే అందామని చూస్తున్నా. నీ కాగితంలో ఉన్నట్టే చదువుతా, విను. పుట్టుక, పిఠాపురం. అర్థం, నిన్నూ నన్నూ చదివించిన మనిషి. ప్రాచుర్యం, పొద్దున లేచేసరికి మన అరుగు మీద నలుగురు కూచుని ఉండేవాళ్ళు, రెవెన్యూ ఆఫీసులో పని ఉందంటే ఆయన్నే అడిగేవాళ్ళు. చాలా? గీత గీసి పంపనా?

… పాతకాలం పేరంటే? పెద్దిరాజు పాతకాలం, నాలుగువందలేళ్ళ క్రితం ఓడలో పెట్టింది కొత్తదీనా?

స్కూల్లో నవ్వుతారా. పెద్దిరాజంటే నవ్వుతారు, పెరిగ్రిన్ అంటే లేచి నిలబడతారు. రేపు కాకినాడ తీసుకెళ్ళావనుకో, మన వీధిలోవాళ్ళు రెండో రోజుకి పెరుగన్నం చేసి పెడతారు వాణ్ణి…

ఏరా, మీ ముదీర్‌కి పిల్లలున్నారా?… కొడుకే కదా. పేరేంటి?… తెలుసు కదా, చెప్పు. నసగకు.

జాక్.

ఖలాస్! ఆయన తన కొడుక్కే పెట్టుకోలేదురా! ఇంటిపేరుతో పాటు రావాల్సిన పేరుని గుమ్మం దగ్గరే ఆపేశాడు. చిన్నప్పుడు తనని స్కూల్లో ఎంత ఏడిపించారో మనిషికి గుర్తుండి ఉంటుంది. ఆయన పారేసింది నువ్వు ఏరుకొచ్చి, కళ్ళకద్దుకుని, నా మేనల్లుడి నెత్తిన పెడతానంటున్నావు.

… … 

ఏంటీ, చెప్పేశావా ఆయనకి? ఎప్పుడు?… ఆఫీసులో అందరి ముందూనా. ఏమన్నాడు?… 'గుడ్ లార్డ్' అన్నాడా. అది సంతోషమని నీకెవరు చెప్పారు?

కేకు మీద కూడా రాయించావా! బారసాలకి కేకేంట్రా?… సరే, పేరుకి తగ్గ పలహారమే. బియ్యం మీద ఎలా రాస్తావు మరి? తెలుగులోనా ఇంగ్లీషులోనా? అసలే మీ ఇంట్లో బాస్మతి, అక్షరం నిలవదు…

లేదురా. హాస్యం అయిపోయింది. నేను చెప్పను.

చెప్పనంటే చెప్పను. నా నోటితో ఆ ముక్క వాడి చెవిలో వెయ్యను. నేను ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళు. ఎక్కడికెళ్ళినా 'ఎక్కడినుంచి' అంటారు. ఊరెళ్తే 'ఎప్పుడు తిరుగు ప్రయాణం' అంటారు. అక్కడా ఇక్కడా చుట్టాన్నే. అది నాకు అలవాటైపోయింది, నాకేం బాధలేదు. కానీ కళ్ళు కూడా సరిగ్గా తెరవని పిల్లాడికి మొదటి మాటగా అదే చెప్పమంటే నావల్ల కాదు.

… అమ్మతో చెప్పిస్తావా? చెప్పించు. అమ్మ నాన్నగారి పేరు పెడుతున్నారని కాకినాడంతా చెప్పుకుంది. ఇప్పుడు ఫోన్ చేసి 'అమ్మా, పెరిగ్రిన్ అను' అని చెప్పు. ఆవిడ పళ్ళసెట్టు ఊడి పడుతుంది…

ఉద్యోగం పోతుందా? పేరు పెట్టకపోతే ఉద్యోగం తీసేస్తాడా ఆయన?… తీసెయ్యడు. మాటపోతుంది నీకు. అంతేగా. పోనీ, ఆ మాట నాకు ముందే చెప్పి ఉండాల్సింది.

… … ఊఁ.

ఏమన్నావు?… బయట పెరిగ్రిన్, ఇంట్లో పెద్దిరాజు. 

… పాస్‌పోర్ట్‌లో అది. చెవిలో ఇది. అంటే నేను నాన్నగారి పేరే చెప్పొచ్చు. పెర్రీ సారుకి తెలుగు రాదు కదా, ఏం చెప్పానో తెలీదంటావు.

నువ్వు మేనేజరువి అవుతావురా. అనుమానం లేదు. ఎవరి వాటా వాళ్ళకి పంచేశావు.

… ఆ. బావుంది. అబద్ధమెందుకు, సంతోషంగానే ఉంది. ఇన్నాళ్ళకి ఇంట్లో మళ్ళీ పెద్దిరాజూ అని పిలవచ్చు. ఏవండీ, నాన్నగారి పేరేనట… ఆ, ఒప్పుకున్నాడు.

సరేరా. అలాగే కానీ. స్పీకరు పరీక్ష చేసుకో ఒకసారి… అన్నట్టు అలేఖ్య ఏమంది?

అదేరా, నీ పెళ్ళాం. పిల్లాణ్ణి కన్నది… 'దానికేం, నా ఇష్టమే దాని ఇష్టం.' ఓహో. అంత చక్కటి మాట తను అందా, తన తరఫున నువ్వన్నావా?… అడిగావా అసలు?… అడిగితే ఏమంది?… తల ఊపింది. ఏ వైపు ఊపింది?

ఒకసారి తనకివ్వు. పేరు సంగతి కాదులే, నీళ్ళు పోశారు కదా, తలారిందో లేదో అడుగుతా. ఇవ్వరా…

… 

అలేఖ్యా? ఎలా ఉన్నావమ్మా? కాళ్ళవాపు తీసిందా?… వాడేనా ఆ ఏడుపు? ఎత్తుకునే ఉన్నావా… నాకేం లేదు, తగ్గుతుంది. మొహం మాత్రం ముగ్గు పెట్టినట్టుంది.

విన్నావుగా, మీ ఆయన ఒప్పందం. బయట తెల్లాయన, లోపల మా నాన్నగారు. నీకిష్టమేనా?

… 'మీ ఇష్టం వదినగారూ.' అది మా అందరికీ వచ్చిన పాఠమే. నేనూ కొత్తలో మా అత్తగారి ముందు ఇదే అప్పజెప్పేదాన్ని. నీ ఇష్టమేంటో చెప్పు.

… అలేఖ్యా?

… లైన్లో ఉన్నావా?… ఏడుస్తున్నావా?

పక్కన ఎవరున్నారు? లోపలి గదిలోకి వెళ్ళు. పిల్లాడికి పాలివ్వాలని చెప్పు, ఒక్కడూ వెనకాల రాడు. తలుపు వేసుకో… వేశావా? ఆ. ఇప్పుడు చెప్పు. నేను ఎవరికీ చెప్పను.

… 

… అప్పాజీ?

మీ నాన్నగారి పేరు కదూ.

లేదమ్మా, నవ్వట్లేదు. దేనికి నవ్వుతాను? నేను నవ్వే పేరు వేరే ఉంది. చెప్పు, వింటున్నా.

… ఆ… తెలుసు. మీ అమ్మగారు పోయినప్పుడు నువ్వు రెండో తరగతి కదూ. పెళ్ళిలో ఎవరో చెప్పారు, తణుకులో మీ నాన్నగారు నీకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టి, సైకిలు మీద స్కూల్లో దింపి, ఆ తర్వాత కరెంటాఫీసుకి వెళ్ళేవారని. పెళ్ళిలో నీ జడ కూడా తనే సర్దుతుంటే ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

… ఊఁ… ఊఁ.

ఆయన పోయినప్పుడు నీకు అయిదో నెల. విమానం ఎక్కకూడదన్నారు డాక్టరు… ఎక్కేదానివేలే, తెలిస్తే. నీకు చెప్పిందే కర్మకాండ అంతా అయ్యాక. కడుపుతో ఉన్న పిల్లకి చెప్పకూడదని అందరం అనుకున్నాం. నీకు మంచిదనే అనుకున్నాం. కానీ నీ తండ్రి పోయాడని లోకమంతటికీ తెలిసి, నువ్వొక్కదానివే కూనిరాగం తీసుకుంటూ వంట చేసుకుంటున్నావు ఆ రోజుల్లో. ఆ మాట తలుచుకుంటే నాకే తప్పు చేశామనిపిస్తుంది. నీకెలా ఉంటుందో.

… 

విక్రమ్‌కి చెప్పావా ఈ పేరు? ఒక్కసారైనా?… చెప్పావా! ఏమన్నాడు?

'అది మనింటి పేరు కాదు' అన్నాడా.

మరి పెరిగ్రిన్ ఏ ఇంటిది? మా తాతగారిదా?

… ఏడవకు. పాలు తాగేవాడు బెంబేలు పడతాడు… నేనొక మాట చెబుతా, నిజం. మా నాన్నగారి పేరు పెట్టాలని నాకు చాలా ఆశగా ఉంది. ఇప్పుడే, ఓ నిమిషం క్రితం, ఆ పేరు నాకు దొరికిందని పొంగిపోయాను. అది వదులుకోవాలంటే మనసు ఒప్పుకోవట్లేదు. నీ దగ్గర దాచడం దేనికి?

… వద్దు, నువ్వు సర్దుకుపోకు. అలా అనొద్దు. నన్ను కాస్త ఆలోచించుకోనీ.

… … 

మా నాన్నగారిని మేమిద్దరం దగ్గరుండి సాగనంపాం. ఆయన కళ్ళజోడు కూడా నా బీరువాలోనే ఉంది. మీ నాన్నగారికి నువ్వు తప్ప ఎవరూ లేరు. నీకా ఆఖరి చూపు కూడా దక్కలేదు.

కళ్ళు తుడుచుకో. చీర సర్దుకో. వాణ్ణి తీసుకుని హాల్లోకి వెళ్ళు. ఎవరైనా ఏమైనా అడిగితే 'మీ ఇష్టం' అను, నీకు బాగా వచ్చుగా. ఫోను మీ ఆయనకిచ్చెయ్యి. మిగతాది నేను చూసుకుంటా… వెళ్ళు తల్లీ. యల్లా.

… 

ఆ, విక్రమ్. ఏం లేదు, బాలింత కదా, ఊరికే కళ్ళనీళ్ళొస్తాయి… తలారింది. అడిగాను… ఆ, పేరు సంగతి మాట్లాడుకున్నాం. తనకి ఏ అభ్యంతరమూ లేదు.

వచ్చాడా పెర్రీ సారు? ఎక్కడ కూచోబెట్టావు?… షూస్ విప్పాడా? పాపం, మంచివాడే. స్పీకర్ పెట్టావా?…

హలో సర్… యెస్ సర్, సిస్టర్… యెస్, చికెన్ పాక్స్… నో సర్, నో, ఫోన్లోంచి రాదు. నాట్ కమింగ్ బై ఫోన్… థాంక్యూ సర్. కూర్చోండి, సిట్, సిట్.

శర్మగారూ, నమస్కారమండీ. ఆ, నేనే మేనత్తని… కుడి చెవేనాండీ? అలాగే. మీరు చెప్పినప్పుడే చెబుతాను…

విక్రమ్, రాశావా బియ్యం మీద?… పట్టిందా అంతా? పళ్ళెం చాల్లేదా. 'గ్రిన్' కిందికి జారిందా. పర్వాలేదు, రాసుకో. నీ పళ్ళెం, నీ బియ్యం.

… ఉయ్యాల్లో వేశారా? అలేఖ్య పక్కనే ఉందా? సరే. ఫోను దగ్గరికి తీసుకెళ్ళు… ఇంకాస్త… ఊపిరి వినబడుతోంది. ముక్కు దిబ్బడేసిందేంట్రా వాడికి?…

చెప్పమంటారా శర్మగారూ?

… 

బంగారూ. నేను మీ అత్తని. ఎదురుగా చూసుకోలేకపోతున్నాను. బాగా తిను, బాగా పడుకో. మీ అమ్మని ఏడిపించకు.

అప్పాజీ.

అప్పాజీ.

అప్పాజీ.

… 

… అరవకు. పిల్లాడు ఉలిక్కిపడతాడు… లైను శుభ్రంగా ఉంది. నువ్వు సరిగ్గానే విన్నావు… కాదు. పెద్దిరాజూ కాదు, ఆ తెల్లాయనా కాదు… నీకు అర్థమయ్యే ఉంటుంది ఎవరిదో. అర్థం కాకపోతే నీ పెళ్ళాన్ని అడుగు. ఈసారి నిజంగా అడుగు.

నన్ను మోసం అనకు. నేను కూడా నష్టపోయాను, నువ్వొక్కడివే కాదు… అమ్మకి నేను చెప్పుకుంటాను. ఆవిడకి కోపమొస్తే నా మీదికి రానీ.

శర్మగారు ఏమంటున్నారు?… 'మేనత్త నోట వచ్చింది, ఇంక మార్చకూడదు' అన్నారా. చూశావా, ఆయన మంచి పండితుడని నేను మొదట్నుంచీ అనుకుంటున్నా.

ఆ చప్పుడేంటి?… చప్పట్లా? మీ ముదీర్ కొడుతున్నాడా! కొట్టనీ. చక్కగా నవ్వుతూ థాంక్యూ చెప్పు. ఇంగ్లీషులో కాగితం మీద నీ ఇష్టమొచ్చింది రాయించుకో, ప్రమోషన్ తెచ్చుకో, నేను అడ్డు రాను. ఇంట్లో ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే మాత్రం…

ఉండు. ఉండు, మాట్లాడకు.

ఎవరది మాట్లాడేది? అలేఖ్యేనా?… ఫోను అటు తిప్పు. తిప్పరా!

… … 

ఏమని పిలుస్తోంది వాణ్ణి?

… 'నాన్నగారూ' అనా.

… 

పెళ్ళయ్యాక ఈ అమ్మాయి గొంతు పక్కగదిలోకి వినబడగా నేను ఎప్పుడూ వినలేదు… నువ్వు విన్నావా?

… ఊఁ. అదే.

ఏమీ అనకురా. ఒక్క మాట కూడా అనకు. పిలుచుకోనీ… నేను పెట్టేస్తున్నా.